లోపలి మడత

సీఐ సారు దేవరకొండకు కొత్తగ వచ్చిన వారం
నా మిషను కాడికే వచ్చిండు, కొలతలియ్యనీకి.
నడుము ముప్పైయారు.
ఖాకీ రెండు జతలు కుట్టిన.
కుట్టుకూలి ఆయన ఇయ్యలే, నేనడగలే.
దాన్ని మర్యాద అనుకున్న అప్పుడు.

డిండి రోడ్డు మీద, పండ్ల డాక్టరు మెట్ల కింద
ఒక మిషను, ఒక స్టూలు, గోడకు ఏలాడే టేపు.
గంతే నా దుకాణం.
ఈ ఊరి దరఖాస్తులు ఠాణాల ఎవరు తీసుకుంటరో నాకెరుక లేదు.
నా కాడికైతే అతుకులకొస్తయి.

లచ్చీరాం అంగి తెచ్చిండు, కాలరు ఊడి.
బ్యాంకు ముంగట ఆటో ఆపిండట,
ముసలామె చేతికర్ర ఎతుక్కొని దిగేటంత సేపు.
అదే జాగల పొద్దుందాక నిలబడ్డ తెల్ల కారుకు
హోంగార్డు నీడ చూసి పెట్టిచ్చిండట.
"కాలరు మల్పి కుట్టు మామా,
అవతలి దిక్కు ఇంకా చినగలే" అన్నడు.
నవ్విండో ఏడ్చిండో,
నేను సూదిల దారమెక్కిస్తున్న, చూడలే.

పది దాటి అయిదు నిమిషాలాయెనని
కేస్లీ మిర్చిబండిని మోరిల దొబ్బిండ్రు.
మూకుట్ల నూనె ఇంకా సలసల మంటనే ఉండె.
లంగా అంచు కాలింది, అద్దాలు పగిలినయి.
అద్దాల కుట్టు నాకు రాదమ్మా అన్న,
తండల మీ అమ్మకొస్తదేమో అడుగు.
ఆమె బండి పడ్డ కాడికి ఇరవై అడుగులల్ల
వైన్సు షట్టరు, ఒంటిగంటకు గూడ
మోకాలెత్తు లేచే ఉంటది.
లోపలికి వంగి పోవాలె.
వంగి పోయేటోల్ల టోపీలు నేను చూసిన.

ఇగ శివలింగు ప్యాంటు.
మేకలు దోల్కపోతుంటె మిల్లాయన కొడుకు బండి గుద్దింది.
మోకాలు కాడ జానెడు చినిగి, నెత్తురు ఎండి అట్టగట్టింది.
"ఉతికి తెస్తే ఏమాయెరా" అన్న.
"ఉతికితే సాక్ష్యం పోతదని మా నాయిన ముట్టనియ్యలే.
నెలదినాలు సంచిల పెట్టుకొని ఠాణా చుట్టు తిరిగిండు.
మేకలే అడ్డమొచ్చినయని రాసుకున్నరంట.
ఇగ కుట్టెయ్యమన్నడు."
నేనే ఉతికిన ఆ ప్యాంటును.
నాలుగు నీళ్లు పోసిన.
నీళ్లు తేటగ అయిందాక నా ఇంటిది మాట్లాడలే నాతోని.

మిల్లాయన ఇంటి బట్టలు గూడ నా కాడికే వస్తయి.
ఒక్కటన్న చినిగి రాలే ఇన్నేండ్లల్ల.
అన్నీ ఇరుకై వచ్చినయే.

మొన్న మంగళారం సారు జీపు ఆపిండు, నడి రోడ్డు మీద.
ప్యాంటు నా మీదికి ఇసిరి, "పట్టేస్తుంది" అన్నడు.
నాకు తెల్వదా?
కుట్టిన్నాడే ఎనకదిక్కు మూడించులు లోపల మడిచిపెట్టిన.
మొదటి దసరకు ఒకటి ఇప్పిన. ఎండకాలం ఇంకోటి.
బోనాలకు మిగిలింది గూడ ఇప్పిన.
ఇప్పుడు లోపల పాత కుట్ల తొర్రలే ఉన్నయి.
"ఇగ గుడ్డ లేదు సారూ."
"ఎట్లన్న జెయ్యి."
"కొత్తది కుట్టాలె. కొలతియ్యుండ్రి."

టేపు తీసిన.
"చేతులు లేపుండ్రి సారూ."

లేపిండు.
రెండు చేతులు, పైకి, నడి బజార్ల.
లచ్చీరాం ఆటో ఆగింది.
కేస్లీ గంటె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.
మేకలు రోడ్డు దాటుతున్నయి, ఎనక కుంటుకుంట పోరడు.
చేతులు లేపినోల్లను మస్తుగ చూసినం గాని,
ఈ చేతులను ఎన్నడు చూడలే.

నేను టేపు నిమ్మలంగ జుట్టిన.
నలభై.
గట్టిగ చదివిన.
"జర ఆగుండ్రి సారూ, సరిగ రాలే" అని
మళ్లొకసారి కొలిచిన.